‘అంతా బాగానే ఉంది’ అని ఆయనే చెప్పేశారు

ప్రశ్న:

నమస్కారం మేడమ్. మావారి ఉద్యోగ వీసా మీద ఏడాది క్రితం ఇంగ్లండ్ వచ్చాం. నాకిప్పుడు 31వ వారం. మొదటి కాన్పు. ఇంతవరకు ఒక్క డాక్టరు కూడా నన్ను చూడలేదంటే మావాళ్లు ఎవరూ నమ్మడం లేదు. అంతా మిడ్‌వైఫ్‌లే. మొత్తం రెండంటే రెండు స్కాన్లు చేశారు. మా అక్కకు నెలనెలా చేసేవారు.

నేను డిగ్రీ చదివాను. ఇంగ్లిషు చదివితే అర్థమవుతుంది. కానీ ఇక్కడివాళ్ల యాస, వేగం అందుకోలేను. అందుకని ప్రతిసారీ మావారు సెలవు పెట్టి వెంట వస్తారు. మిడ్‌వైఫ్ ఐదు నిమిషాలు మాట్లాడుతుంది. ఆయన నా వైపు తిరిగి ‘ఏమీ లేదు, అంతా బాగానే ఉందట’ అంటారు. నేను అడగమన్నవి కూడా సగమే అడుగుతారు. రాత్రిళ్లు అరచేతులు, అరికాళ్లు దురద పెట్టి నిద్ర పట్టడం లేదని పోయినసారి చెప్పమంటే, ‘చలికి చర్మం పొడిబారింది, దానికి ఆమెను విసిగించడం ఎందుకు’ అని నాతో అని, ‘అంతా బాగానే ఉంది’ అని ఆమెకు ఆయనే చెప్పేశారు. అంతకుముందు ఒకసారి ఆమె మావారిని బయట కూర్చోమని నన్నేదో అడిగింది. సరిగ్గా అర్థం కాక ‘నో’ అన్నాను. ఇంటికి వచ్చాక ఆయన చిన్నబుచ్చుకున్నారు.

ప్రసవం ఎలా జరగాలనుకుంటున్నానో రాసుకుని రమ్మన్నారు. నాకు తెలిస్తే కదా రాయడానికి! డాక్టరు కావాలని గట్టిగా అడుగుదామంటే, ఫిర్యాదులు చేస్తే వీసా పొడిగింపుకు ఇబ్బంది అవుతుందని ఒక స్నేహితురాలు భయపెట్టింది. ఈ మధ్య ఊరికే ఏడుపు వస్తోంది. అది చెబితే బిడ్డను తీసుకుపోతారట, నిజమేనా?

(పేరు వద్దు)

జవాబు:

అమ్మా, డాక్టరు గురించి, స్కాన్ల గురించి మీరు ఒక పేరా రాశారు. దురద గురించి ఒక్క వాక్యం రాశారు, అదీ మీవారి మీద ఫిర్యాదులో భాగంగా. ఉత్తరం అందిన రోజే ఆ ఒక్క వాక్యానికి మీకు విడిగా జవాబు పంపాను. ఇదే స్థితిలో ఉన్న ఇంకెవరైనా చదువుతారని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఏడు నెలలు నిండే వేళకు పొట్ట సాగి, చర్మం పొడిబారి దురద పెట్టడం మామూలే. కానీ అరచేతుల్లో, అరికాళ్లలో మొదలై, రాత్రిపూట ఎక్కువై, దద్దుర్లేమీ లేకుండా ఉండే దురద వేరు. గోకిన గీతలు తప్ప చర్మం మీద ఏమీ కనిపించదు. కాలేయం నుంచి పైత్యరసం సాఫీగా పోక, అందులోని ఆమ్లాలు రక్తంలో పేరుకుంటే ఇలా అవుతుంది. గర్భిణులకే వచ్చే ఈ స్థితిని వైద్యులు కొలెస్టాసిస్ అంటారు. సాధారణంగా 28 వారాల తర్వాత కనిపిస్తుంది, కాన్పు అయ్యాక తగ్గిపోతుంది. బ్రిటన్‌లో వెయ్యిమంది గర్భిణుల్లో సుమారు ఏడుగురికి వస్తుందని అక్కడి ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ చెబుతోంది. భారత, పాకిస్తాన్ మూలాలున్న స్త్రీలలో ఆ సంఖ్య 12 నుంచి 15. అంటే ఇది మనవాళ్లు ముఖ్యంగా తెలుసుకోవలసిన విషయం. చలికాలం మీద నెట్టేసే విషయం కాదు.

మీకు అదే ఉందని నేను అనడం లేదు, అనలేను కూడా. తేల్చేది రక్తపరీక్ష. చేయవలసిందల్లా మీ ప్రసూతి కాగితాల మీదో, ఫోనులోని యాప్‌లోనో ఉన్న మెటర్నిటీ ట్రయాజ్ (గర్భిణుల అత్యవసర ఇబ్బందులు చూసే విభాగం) నంబరుకు ఫోను చేయడం. అది రాత్రీ పగలూ పనిచేస్తుంది. రాబోయే అపాయింట్‌మెంటు దాకా ఆగవద్దు. నాలుగు విషయాలు ముందే కాగితం మీద రాసుకుని చదవండి: 31 వారాలు, అరచేతులూ అరికాళ్లూ దురద, రాత్రి ఎక్కువ, పైత్యరస ఆమ్లాల పరీక్ష కావాలి. వ్యాకరణం గురించి బెంగ వద్దు, అవతలివాళ్లు మార్కులు వేయరు. మూత్రం ముదురు రంగులో వస్తున్నా, మలం పాలిపోయినట్టు ఉన్నా అదీ చెప్పండి.

ఆ ఆమ్లాల అంకె 19 లోపు ఉంటే మామూలు. అంతకు మించినా చాలామందికి అది ఒక మోస్తరుగానే ఉంటుంది, అప్పుడప్పుడు పరీక్ష చేస్తూ కనిపెట్టి ఉంటారు. 100కు చేరినా, దాటినా కడుపులో బిడ్డకు ప్రమాదం చెప్పుకోదగ్గంతగా పెరుగుతుంది. అలాంటప్పుడు 35, 36 వారాల్లోనే ప్రసవం చేసే విషయం మాట్లాడతారు. అందుకే ఆ అంకె ఎంతో మీకు తెలియాలి. ‘పరవాలేదట’ అన్న మాటతో సరిపెట్టుకోకండి, అంకె రాయించుకోండి. మొదటి పరీక్షలో ఏమీ లేదని వచ్చి దురద అలాగే ఉంటే మళ్లీ చేయించమని అడగండి, ఎందుకంటే కొందరిలో దురద ముందు వస్తుంది, రక్తంలో మార్పు తర్వాత కనబడుతుంది. ఇంకొక మాట. దీనికి ఫలానా మాత్ర వాడతారని తెలిసి, ఇంటినుంచి పార్సిల్‌లో తెప్పించుకునేవారు ఉంటారు. ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం అనే ఆ మందు వల్ల బిడ్డకు మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదని 2019లో బ్రిటన్‌లోనే జరిగిన పెద్ద పరిశోధనలో తేలింది. ఆ పార్సిల్ పని పెట్టుకోకండి.

ఇక మీ ఇంటాయన సంగతి.

ఆయన చెడ్డవారని నేను అనుకోవడం లేదు. ప్రతిసారీ సెలవు పెట్టి వెంట వచ్చే మనిషికి భార్య మీద శ్రద్ధ లేదనడం అన్యాయం. కానీ శ్రద్ధ ఉన్నంత మాత్రాన దుభాషి పని వచ్చేయదు. ఆయన వింటున్నది తన భార్య గురించి, తన బిడ్డ గురించి. భయపెట్టే మాట వినబడితే దాన్ని మీదాకా రానివ్వకుండా తనలోనే దాచుకుంటారు. మీ నోటినుంచి వచ్చిన మాట తనకు చిన్నదిగా తోస్తే అవతలికి చేరనివ్వరు. పైగా వైద్యం మాటలు ఆయనకు మాత్రం ఎక్కడ తెలుసు? కంపెనీ మీటింగుల్లో ధారాళంగా మాట్లాడే ఇంగ్లిషుకూ, మాయ ఎక్కడుందో, బిడ్డ తల ఎటుందో వివరించే ఇంగ్లిషుకూ చాలా దూరం. అర్థం కానిచోట ‘అంతా బాగానే ఉందట’ అనేయడం ఎవరికైనా సులువు.

దీన్ని గుర్తించే, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2010లోనే స్పష్టంగా రాసింది: ఇంగ్లిషు మాట్లాడటం కష్టమైన గర్భిణికి ఆమె కోరుకున్న భాషలో దుభాషిని ఇవ్వాలి, ఆ దుభాషి ఆమె భర్తో కుటుంబసభ్యులో కాకూడదు. దీనికి మీరు పైసా కట్టనక్కర్లేదు. కాబట్టి ఇక్కడ ఆ మిడ్‌వైఫ్‌ను కూడా నేను ఊరికే వదిలిపెట్టను. ఇన్ని వారాలుగా ఒక స్త్రీ తన ఎదుట కూర్చుని భర్త ముఖం చూస్తుంటే, ‘ఈమెకు దుభాషి కావాలేమో’ అని ఆమెకు తట్టి ఉండవలసింది. పని ఒత్తిడి ఉండవచ్చు, మనుషుల కొరత ఉండవచ్చు. ఆ కొరతను మీ మౌనంతో పూడ్చుకోవడం మాత్రం సరికాదు.

అడగడం తేలిక. ట్రయాజ్‌కు ఫోను చేసినప్పుడే, మీ తర్వాతి అపాయింట్‌మెంటు నుంచి తెలుగు దుభాషి కావాలని చెప్పి, ఆ మాట మీ రికార్డులో రాయించండి. చాలాసార్లు మనిషి రారు, ఫోనులో స్పీకరు పెట్టి మాట్లాడిస్తారు. అది తక్కువేమీ కాదు. పైగా ఒక రకంగా మేలు. ఊళ్లో తెలుగువాళ్లు పాతిక కుటుంబాలే ఉంటే, ఎదురుగా వచ్చి కూర్చున్న దుభాషి రేపు పండగ కార్యక్రమంలో మీ పక్కనే కనిపించవచ్చు. ఫోనులో మాట్లాడేవారు ఎక్కడో వేరే ఊళ్లో ఉంటారు, మీ ముఖం చూడరు. మీరు చెప్పింది బయట చెప్పకూడదన్న నియమం ఎలాగూ ఉంది. తెలిసిన మనిషి వచ్చి మీకు ఇబ్బందిగా ఉంటే మార్చమని అడగవచ్చు. ‘ఈరోజు దుభాషి దొరకలేదు, మీ భర్త ఉన్నారుగా’ అంటే, ఫోను దుభాషినైనా పిలవమని మర్యాదగానే పట్టుబట్టండి. అర్ధరాత్రి నొప్పులతో వెళ్లినా, ఆపరేషను కాగితాల మీద సంతకం పెట్టవలసి వచ్చినా ఇదే హక్కు మీకు ఉంటుంది.

మీవారిని బయట కూర్చోమన్న రోజు ఏమి అడిగి ఉంటారో నేను ఊహించగలను. ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా, బెదిరిస్తున్నారా, మీ డబ్బు, ఫోను మీ చేతిలో ఉంటున్నాయా అని అక్కడ ప్రతి గర్భిణినీ ఒంటరిగా ఉన్నప్పుడు అడుగుతారు. మీవారి మీద అనుమానం వచ్చి అడిగింది కాదు, కాబట్టి ఆయన చిన్నబుచ్చుకోనక్కర్లేదని చెప్పండి. మీ జవాబు నిజంగానే ‘లేదు’ అయితే సంతోషం. కాకపోతే, లేక రేపు కాకుండా పోతే, దుభాషి ఉన్న రోజున ఆ ప్రశ్న మళ్లీ అడగమని మీరే కోరవచ్చు. గతంలో జరిగిన గర్భస్రావం, పాత జబ్బు, పడకకు సంబంధించిన నొప్పి, ఇలా భర్త ముందు నోరు పెగలని సంగతులు చాలామందికి ఉంటాయి. వాటికీ ఆ ఒంటరి పది నిమిషాలే చోటు.

అయితే ఆయన ఏమి చేయాలి? వెంట రావాలి. మీ పక్కన కూర్చోవాలి. మీరు అడగాలనుకున్నవి మరిచిపోతే గుర్తు చేయాలి, వాళ్లు చెప్పినవి రాసుకోవాలి. నొప్పుల రోజున మీ చేయి పట్టుకోవాలి. ఆ రోజున ఆయనకు అనువాదం చేసే ఓపిక ఉండదు, ఉండకూడదు కూడా. తండ్రి కాబోతున్న మనిషి ఆయన, ఆయన భయం ఆయనకు ఉంటుంది.

స్కాన్ల విషయంలో మాత్రం మీతో నేను ఏకీభవించను. ఎక్కువ స్కాన్లు చేస్తే ఎక్కువ శ్రద్ధ అనుకోవడం మనకు అలవాటైంది. ఇంగ్లండ్‌లో ఇబ్బందులేమీ లేని గర్భిణికి 12 వారాల దగ్గర ఒకటి, 20 వారాల దగ్గర ఒకటి, రెండే చేస్తారు. మొదటి కాన్పుకు దాదాపు పదిసార్లు మిడ్‌వైఫ్ చూస్తుంది. 24 వారాల నుంచి ప్రతిసారీ టేపుతో పొట్ట కొలుస్తుంది కదా, అది లాంఛనం కాదు. ఆ కొలతలు గీతలో పెరుగుతున్నాయా లేదా చూసి, తేడా ఉంటేనే మరో స్కాన్‌కు పంపుతారు. మిడ్‌వైఫ్ అంటే డాక్టరు దొరకక పెట్టిన మనిషి కాదు, మామూలు కాన్పులు చేయడానికే విడిగా చదువుకుని లైసెన్సు తీసుకున్న నిపుణురాలు. రక్తపోటు, చక్కెర, బిడ్డ ఎదుగుదల, ఇప్పుడు మీ దురద లాంటిది ఏదైనా తేలితే అప్పుడు ప్రసూతి వైద్యుల దగ్గరికి పంపుతారు. అన్నట్టు చక్కెర అంటే గుర్తొచ్చింది. దక్షిణాసియా మూలాలున్నవారికి మధుమేహం అవకాశం ఎక్కువ కనుక 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీసే పరీక్ష చేయాలి. మీ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు. జరిగిందో లేదో కాగితాల్లో చూసుకోండి, లేకపోతే అదీ అడగండి.

మీకు ఇబ్బంది తెస్తున్నది స్కాన్ల సంఖ్య కాదనే నా అభిప్రాయం. ఆ వ్యవస్థ గర్భిణి చెప్పే మాట మీద నడుస్తుంది. యంత్రాలతో తక్కువ చూస్తారు, మిమ్మల్ని ఎక్కువ అడుగుతారు. ఎలా ఉన్నారు, బిడ్డ కదులుతోందా, తలనొప్పి ఉందా, కళ్లు మసకబారుతున్నాయా అని. ఆ ప్రశ్నలకు వచ్చే జవాబే వాళ్లకు పరీక్ష. మనమేమో పెద్దవాళ్ల ముందు, డాక్టర్ల ముందు తల ఊపడం మర్యాదగా నేర్చుకున్నాం. అక్కడ ఆ తల ఊపడాన్ని ‘ఈమె బాగుంది, అంతా అర్థమైంది, ఒప్పుకుంది’ అని రాసుకుంటారు. బాధ పడుతున్నా నవ్వుతూ కూర్చున్న స్త్రీకి బాధ లేదనుకుంటారు. ఇలా ఎన్నో అపార్థాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. బ్రిటన్‌లో ప్రసూతి మరణాలు చాలా అరుదు, లక్ష ప్రసవాలకు పదీపదిహేను మధ్య. కానీ తెల్లజాతి స్త్రీలతో పోలిస్తే నల్లజాతి స్త్రీలలోనూ, ఆసియా స్త్రీలలోనూ ఎక్కువని ఆ దేశపు సొంత నివేదికలే ఏళ్ల తరబడి చెబుతున్నాయి. ఇందులో పేదరికం ఉంది, ముందునుంచీ ఉన్న జబ్బులు ఉన్నాయి, చెప్పింది వినకపోవడమూ ఉంది. ఆ చివరిది మీ తప్పు కాదు. అయినా మీరు కొంత జాగ్రత్త పడగలిగింది అక్కడే.

మాట గట్టిగా అడగడం పొగరు అనుకుంటున్నారేమో. నడీన్ మాంట్‌గొమరీ అనే స్త్రీ కథ చెబుతాను. స్కాట్లండ్‌లో 1999లో ఆమె కాన్పు. మధుమేహం ఉంది, పొట్టి మనిషి, బిడ్డ పెద్దది. సహజ ప్రసవం అవుతుందా అని తన భయాన్ని ఒకటికి రెండుసార్లు చెప్పుకుంది. బిడ్డ భుజాలు ఇరుక్కునే అవకాశం ఉందని, సిజేరియన్ మరో దారి అని వైద్యురాలు చెప్పలేదు. భుజం ఇరుక్కుంది, ప్రాణవాయువు అందక బిడ్డకు మెదడు దెబ్బతింది. ఆమె కోర్టుకు వెళ్లింది. కింది కోర్టుల్లో ఓడి, చివరికి 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టులో గెలిచింది. రోగి స్థానంలో ఉన్న మనిషి తెలుసుకోవాలనుకునే ప్రమాదాలను, ఇతర దారులను వైద్యులు చెప్పి తీరాలని ఆ తీర్పు. ఆమె సైన్సు పట్టభద్రురాలు, తల్లి, అక్కచెల్లెలు ఇద్దరూ డాక్టర్లు, ఇంగ్లిషు మాతృభాష. అలాంటి మనిషికే చెప్పలేదంటే, మీరు అడగడంలో తప్పు ఎక్కడుంది? ఏ పరీక్షకైనా, మందుకైనా, ఆపరేషనుకైనా ‘దీనివల్ల లాభమేమిటి, ప్రమాదమేమిటి, వేరే దారి ఉందా, కొంత ఆగితే ఏమవుతుంది’ అని అడగండి. ఆ నాలుగు ప్రశ్నలూ ఇప్పుడు మీకు చట్టం ఇచ్చినవే.

బిడ్డ కదలికల గురించి ఒక్క హెచ్చరిక. నెలలు నిండేకొద్దీ చోటు చాలక కదలిక తగ్గుతుందని మన ఆడవాళ్లలో ఒక మాట ఉంది. అది తప్పు, కాన్పు దాకా కదలాలి. మీ బిడ్డ రోజూ కదిలే తీరు మీకు తెలుసు. ఆ తీరు మారినా, తగ్గినా అదే రోజు, అర్ధరాత్రయినా సరే ట్రయాజ్‌కు ఫోను చేయాలి. గుండె చప్పుడు వినిపించే చిన్న యంత్రాలు ఆన్‌లైన్‌లో అమ్ముతారు, వాటిని నమ్మి ఆగవద్దు. మాయలోని చప్పుడో, మీ నాడి చప్పుడో విని మోసపోతారు. పోయిన వారం ఒకసారి వెళ్లాం, మళ్లీ వెళ్తే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. మూడోసారి వెళ్లినా పరీక్షించే పంపాలి.

వీసా భయానికి జవాబు చిన్నది. ఫిర్యాదుకూ వీసాకూ సంబంధం లేదు. పైగా మీవారు వీసా దరఖాస్తుతో పాటే ఆరోగ్య సర్‌ఛార్జి కట్టారు, పెద్దవాళ్లకు తలకు ఏడాదికి 1,035 పౌండ్లు. మీరు ఎవరి దయ మీదా వైద్యం చేయించుకోవడం లేదు. స్నేహితురాలు విన్నది బహుశా సందర్శక వీసా మీద వచ్చి కాన్పు అయినవారి సంగతి. వారికి బిల్లు వేస్తారు, అదీ మామూలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు. పెద్ద మొత్తం కట్టకుండా ఉండిపోతే ఆ సమాచారం వీసాలు చూసే హోమ్ ఆఫీసుకు చేరవచ్చు. అలాంటివారికి కూడా డబ్బు ముందు కట్టలేదని ప్రసూతి వైద్యం ఆపడానికి, ఆలస్యం చేయడానికి వీల్లేదు. బిల్లు భయంతో ఆసుపత్రికి వెళ్లడం మానేసినవారు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు వెళ్లండి. తర్వాత మెటర్నిటీ యాక్షన్ అనే స్వచ్ఛంద సంస్థ సలహా తీసుకోండి. వారు ఈ బిల్లుల విషయంలో సాయం చేస్తారు.

ప్రసవ ప్రణాళికను పరీక్ష పేపరులా చూడకండి. అరపేజీ చాలు. పైన మొదటి వరుసలో ‘నాకు తెలుగు దుభాషి కావాలి’ అని రాయండి. నొప్పి తగ్గించడానికి ఏమేమి ఉన్నాయో దుభాషి ఉన్న రోజున అడిగి తెలుసుకోండి. పీల్చే గ్యాస్ ఉంటుంది, ఇంజెక్షన్లు ఉంటాయి, వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ ఉంటుంది. ఎపిడ్యూరల్ కావాలనుకుంటే నొప్పులు మొదలైన కొత్తలోనే చెప్పాలి, మత్తు డాక్టరు వచ్చేసరికి సమయం పడుతుంది. మీరు అరవకుండా నొప్పి ఓర్చుకునే రకమైతే ఆ సంగతి కూడా రాయండి. ‘నేను నిశ్శబ్దంగా ఉన్నానంటే నొప్పి లేదని కాదు’ అన్న ఒక్క వాక్యం చాలా పనిచేస్తుంది. లోపలి పరీక్షలు ఆడవారే చేయాలని ఉంటే రాయండి. రాత్రి డ్యూటీలో ఎవరుంటే వారే కనుక హామీ ఇవ్వలేరు, వీలైనంత చూస్తారు. గది నిండా విద్యార్థులు వద్దనుకుంటే వద్దని రాయండి. తర్వాత మనసు మారితే కాగితం చించేయవచ్చు, ఎవరూ ఏమీ అనరు.

కాన్పు తర్వాత మిడ్‌వైఫ్ కొన్నిసార్లు ఇంటికే వస్తుంది, తర్వాత ఆ బాధ్యత పసిపిల్లల ఆరోగ్యం చూసే నర్సుది, ఆమెను హెల్త్ విజిటర్ అంటారు. ఆ రోజుల కోసం ఒకటి గుర్తుంచుకోండి. పసిపిల్లల్లో కామెర్లు మామూలే, కానీ గోధుమ రంగు చర్మం మీద పసుపు త్వరగా పట్టుబడదు. అలవాటు లేని కళ్లు దాన్ని చూడకుండా దాటిపోగలవు. పగటి వెలుతురులో బిడ్డ కంటి తెల్లగుడ్డు, చిగుళ్లు మీరు చూడండి. పుట్టిన మొదటి రోజే పచ్చగా కనిపిస్తే అది అత్యవసరం. ఆ తర్వాతైనా, పాలు తాగకుండా మగతగా పడుకుంటుంటే అదే రోజు చెప్పాలి. ‘మా ఇంట్లో పిల్లల రంగు ఇది కాదు’ అని తల్లి చెప్పే మాటకు విలువ ఉంది.

చివరికి మిగిలింది మీ ఏడుపు. దీన్ని మీరు ఆఖరి వాక్యంలో పెట్టారు గానీ నాకది చిన్న విషయంగా తోచడం లేదు. కొత్త దేశం, ఉద్యోగం లేని పగళ్లు, నిద్ర లేని రాత్రులు, మాట్లాడటానికి ఒకే ఒక్క మనిషి, ఆ మనిషీ సగమే వినడం. ఇన్ని ఉన్నప్పుడు కన్నీళ్లు రావడంలో వింత లేదు. అయినా రెండు వారాలకు మించి ఇలాగే ఉంటే అది గర్భిణుల్లో వచ్చే దిగులు వ్యాధి కావచ్చు, దానికి వైద్యం ఉంది. మిడ్‌వైఫ్ మిమ్మల్ని పది ప్రశ్నల కాగితం ఒకటి నింపమనవచ్చు, ఎడిన్‌బరోలో తయారైంది, 1987 నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు. అందులో చివరి ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దాన్ని భర్త అనువదించగా భర్త ఎదుట నింపడంలో అర్థం లేదు, దుభాషితో నింపండి.

బిడ్డను తీసుకుపోతారన్నది నిజం కాదు. ఏడుస్తున్నానని చెప్పినందుకు, దిగులుకు మందు వాడుతున్నందుకు బిడ్డను ఎవరూ తీసుకుపోరు. తల్లి ఒప్పుకోకుండా బిడ్డను వేరు చేయాలంటే సాధారణంగా కోర్టు ఉత్తర్వు కావాలి, అది బిడ్డకు తీవ్ర హాని జరుగుతుందని రుజువు చేస్తేనే వస్తుంది. ఆసుపత్రిలో చేర్చవలసినంత జబ్బు చేసిన తల్లుల కోసం, బిడ్డను కూడా పక్కనే ఉంచుకునే ప్రత్యేక వార్డులను అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ నడుపుతోంది. తల్లీబిడ్డలను విడదీయడమే వాళ్ల ఉద్దేశమైతే ఆ వార్డులు కట్టేవారు కాదు. వచ్చే అపాయింట్‌మెంటులో మీ ఏడుపు సంగతి దుభాషి ద్వారా మీరే చెప్పండి. అప్పటిదాకా ఆగలేనంత బరువుగా ఉంటే, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, 111కు ఫోను చేసి 2 నొక్కండి. మానసిక ఆరోగ్య సిబ్బంది ఏ వేళలోనైనా పలుకుతారు. భాష పేరు చెబితే దుభాషిని కలుపుతారు.